గోడ మీది జీతాల పట్టీ

మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ ఏడాదికి మూడు నాలుగుసార్లయినా తిరుగుతుంది. కాంచీపురం దగ్గర ఒక గుడిలో వెయ్యేళ్ళ కిందటే 15 పడకల ఆసుపత్రి ఉండేదని, అందులో ఆపరేషన్లు కూడా చేసేవారని, మన పెద్దలు అంత గొప్పవాళ్ళని. దాని కింద వరసగా దణ్ణాల బొమ్మలు. మొన్న పెరటాసి (పెరుమాళ్‌కు శనివారాలు ముఖ్యమైన తమిళ నెల) మొదట్లోనూ వచ్చింది. ఈసారి దణ్ణాలతో ఆగలేదు. మూడో శనివారం ఆ గుడికే వెళ్ళొద్దామని 14 మందిమి కలిసి చెన్నై మేడవాక్కం నుంచి టెంపో ట్రావెలర్ మాట్లాడుకున్నాం.

వెళ్ళొచ్చిన పది రోజులకు, ఆ రోజు చూసిన ఒక చిన్న గుడికి పోగుచేసిన డబ్బు దేనికి వాడాలన్న దాని మీద అదే గ్రూపువాళ్ళ మీటింగులో మాటా మాటా పెరిగింది. మొదలుపెట్టింది నేనే. ఆ రోజు మీటింగులో గొంతు వణికి సగం చెప్పి ఊరుకున్నాను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

నా మాట ఇది. పల్లెటూరి పాత గుడికి ఏదైనా ఇవ్వాలని మనసుకు తోస్తే, ముందు అక్కడ పనిచేసే మనుషుల జీతానికి ఇవ్వండి. కవచాలు, గ్రానైటు బండలు, గోపురానికి రంగులు తర్వాత చూసుకోవచ్చు. నేను పద్దెనిమిదేళ్ళుగా కంపెనీల్లో పేరోల్ చూస్తున్నదాన్ని. జీతం ఒక్కరోజు ఆలస్యమైతే మనిషి గొంతు ఎలా మారుతుందో ఫోనులో వింటూ ఉండేదాన్ని. అందుకేనేమో, గుడికి వెళ్ళినా నాకు ముందు అదే కనిపించింది.

తిరుముక్కూడల్

మెసేజ్‌లో చెప్పే గుడి తిరుముక్కూడల్‌లోని అప్పన్ వేంకటేశ పెరుమాళ్ (విష్ణువు) కోయిల. చెంగల్పట్టు నుంచి కాంచీపురం వెళ్ళే దారిలో పళయసీవరం దగ్గర పాలారు వంతెన దాటితే వస్తుంది. పాలారు, చెయ్యారు, వేగవతి కలిసే చోటు కాబట్టి ముక్కూడల్. మనం నాలుగు రోడ్ల కూడలి అంటామే, ఆ కూడలే ఇది. నంది కొండల్లో పుట్టి మన కుప్పం మీదుగా వచ్చే పాలారు ఇక్కడికి చేరేసరికి ఏడాదిలో చాలా రోజులు ఇసకే. సంక్రాంతి పండగప్పుడు కంచి వరదరాజస్వామి పార్వేటకు (వేట ఉత్సవానికి) పళయసీవరం కొండ మీది నరసింహస్వామి దగ్గరికి వచ్చి, అట్నుంచి నది దాటి ఇక్కడికి వస్తారు. చుట్టుపక్కల ఊళ్ళ పెరుమాళ్ళూ వస్తారు. అప్పుడు జనమే జనం. మేం వెళ్ళిన రోజు పెరటాసి శనివారమైనా మాతో కలిపి ముప్పై మంది ఉంటారేమో.

అందరూ దర్శనం చేసుకుని తులసి తీర్థం పుచ్చుకుని బయటికొచ్చి ఫొటోలు దిగారు. నేను శాసనం చెక్కిన ప్రాకారం గోడ దగ్గర ఆగిపోయాను. ఆ పాత తమిళ లిపి నాకు చదవడం రాదు. కానీ ఈ శాసనాన్ని, శాసనాలు అచ్చువేసే ఎపిగ్రాఫియా ఇండికా 21వ సంపుటంలో కె.వి. సుబ్రహ్మణ్య అయ్యర్ అనువాదంతో సహా అచ్చు వేశారు. దాన్ని ఫోనులో పెట్టుకుని వెళ్ళాను. ఫోనులో ఒక లైను చదవడం, తలెత్తి గోడ చూడడం. ఏ అక్షరం ఏ మాటో తెలియకపోయినా అక్కడే నిలబడి చదవాలనిపించింది.

శాసనం వీరరాజేంద్ర చోళుడిది, 1069 ప్రాంతంలో చెక్కించింది. తెలుగువాళ్ళకు ఈయన మరీ పరాయివాడు కాదు. నన్నయ చేత భారతం చెప్పించిన రాజరాజనరేంద్రుడి భార్య అమ్మంగదేవికి ఈయన తోడబుట్టినవాడు. అంటే మన రాజమహేంద్రవరం రాజుకు బావమరిది. ఈయన ప్రశస్తిలో, అంటే రాజును పొగిడే భాగంలో, బెజవాడ దగ్గర చేసిన యుద్ధం ప్రస్తావన కూడా ఉంటుంది. ఆ యుద్ధాలన్నీ శాసనం మొదట్లో వస్తాయి. అవి దాటాక అసలు విషయం మొదలవుతుంది. వయలైక్కావూరు అనే ఊరి నుంచి గుడికి వచ్చే ఆదాయం ఇంత, అందులో దేనికెంత అని.

అక్కడి నుంచి అది పక్కా పేరోల్ షీటే. ఋగ్వేదం చెప్పే గురువుకు ఇంత, యజుర్వేదం చెప్పే గురువుకు ఇంత, వ్యాకరణం చెప్పే భట్టుకు ఇంత. హాస్టల్లో ఉండే విద్యార్థులు 60 మంది, వాళ్ళకు అన్నం ఇంత. శనివారం తలంటుకు నూనె కూడా లెక్కలో ఉంది. ఆసుపత్రి పేరు వీరశోళన్. వైద్యుడికి ఏడాదికి 90 కలాల వడ్లు (కలం, నాళి ఆనాటి కొలతలు), పైన కొన్ని కాసులు. శస్త్రచికిత్స చేసే ఆయనకు 30 కలాలు. మూలికలు, కట్టెలు తెచ్చి మందు కాచే ఇద్దరు, రోగులను చూసుకునే ఇద్దరు ఆడవాళ్ళు, నీళ్ళు తెచ్చే మనిషి. మంగలికి 15 కలాలు. రోగికి రోజుకో నాళి బియ్యం. రాత్రి వెలగడానికి ఒక దీపం. ఏడాదికి సరిపడా నిలవ ఉంచాల్సిన మందుల పేర్లు: గోమూత్ర హరీతకి, దశమూల హరీతకి, బిల్వాది ఘృతం, వెల్లుల్లీ ఆముదమూ కలిసిన ఒక తైలం, ఇలా ఇరవై దాకా. తాగే నీళ్ళలో వేయడానికి ఏలకులు, వట్టివేళ్ళు కూడా రాయించారు.

మంగలి దగ్గర నేను ఆగిపోయాను. కలమంటే 96 నాళులు. 15 కలాలంటే 1,440 నాళులు, ఏడాదికి. రోజుకు నాలుగు నాళుల వడ్లు కూడా పూర్తిగా రావు. ఐదు నాళుల వడ్లకు రెండు నాళుల బియ్యమని ఆనాటి లెక్క, అంటే చేతికొచ్చేది రోజుకు ఒకటిన్నర నాళి బియ్యం. పడక మీదున్న రోగి ఒక్కడు తినేదానికన్నా కొంచెం ఎక్కువ. ఆ మనిషి దాంతో ఇల్లు గడిపి ఉండడు, ఊళ్ళో ఇంకో పని కూడా చేసుకుని ఉంటాడు. అయినా అతని జీతం రాజుగారి యుద్ధాలు చెక్కిన రాయి మీదే చెక్కారు.

టెంపో డ్రైవరు హారన్ కొడుతున్నాడు. మా అత్తయ్య వచ్చి చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది.

ఆ రోజు చూసిన ఇంకో గుడి

మధ్యాహ్నంలోపు ఇంకో గుడి చూడొచ్చని డ్రైవరే చెప్పాడు. ఉత్తరమేరూరు వైపు వెళ్ళి, మెయిన్ రోడ్డు దిగి, చెరువు గట్టు మీదుగా రెండు మూడు కిలోమీటర్లు. ఊరి పేరు రాయను. ఇక్కడ నేను చెప్పబోయేవి అక్కడి మనుషులు నమ్మి చెప్పుకున్న మాటలు, వాటి వల్ల వాళ్ళకు ఇబ్బంది రాకూడదు.

చిన్న పెరుమాళ్ కోయిల. రాతి గర్భగుడి, ముందు నాలుగు స్తంభాల మంటపం, అధిష్ఠానం (గుడి కింది రాతి అరుగు) మీద సగం సున్నం కింద దాగిన అక్షరాలు. గేటుకు తాళం. పక్కింట్లోంచి ఒక అవ్వ వచ్చి, కొంగుకు కట్టుకున్న తాళం చెవి విప్పి తీసింది. మేం మాట్లాడుకునేది విని నిలబడిపోయింది.

"మీరు తెలుగా? మేమూ తెలుగే. ఇండ్లల్లో మాట్లాడేది తెలుగే. చదివేదానికి, రాసేదానికి రాదు."

మా అత్తయ్యది గూడూరు. ఇంకేముంది, ఇద్దరూ గట్టు మీద కూర్చున్నారు. పొద్దున్నే ఊడ్చి, నీళ్ళు చల్లి, ముగ్గేసి, తాళం తీసేది ఈవిడే. సాయంత్రం మళ్ళీ తాళం వేసేదీ ఈవిడే. ముప్పై ఏళ్ళుగా. అత్తయ్య అడిగింది, "ఏమిస్తారమ్మా నీకు?" అని.

"ఏమిచ్చేది? పొంగలికి చీర ఇస్తారు. పోయినేడు అదీ లేదు."

ఆవిడ గొంతులో ఫిర్యాదు లేదు. పోయినేడు వానలు పడలేదు అన్నట్టే చెప్పింది.

కాసేపటికి భట్టరు, అంటే ఆ గుడి అర్చకులు, టీవీఎస్ మోపెడ్ మీద వచ్చారు. అవ్వ ఫోన్ చేసిందట. యాభై దాటి ఉంటాయి. ఇంటి నుంచి స్టీలు డబ్బాలో దధ్యోదనం తెచ్చారు, అదే నైవేద్యం. ఆయన చేతులనే చూస్తూ నిలబడ్డాను. నూనె ఒక పాత కూల్‌డ్రింక్ సీసాలో ఉంది, మూతకు మేకుతో పొడిచిన చిల్లు. సీసా వంచి చుక్క చుక్కగా దీపంలో వదిలారు. ఆగి, సీసా వెలుతురుకు పట్టి ఎంత మిగిలిందో చూసుకున్నారు. మళ్ళీ నాలుగు చుక్కలు వేశారు. వత్తి చివర మసి గోటితో గిల్లి, వేలు పంచెకు తుడుచుకుని, కర్పూరం వెలిగించారు. ఆ నల్లరాతి పెరుమాళ్ ముఖం ఆ వెలుగులో ఎంత చక్కగా ఉందో! మా అత్తయ్య కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి.

హారతి పళ్ళెం వచ్చింది. మాలో ఒకాయన 500 నోటు తీసి, పళ్ళెంలో వేయనా, హుండీలో వేయనా అని పక్కనున్న పెద్దాయన్ని అడిగాడు. పెద్దాయన బ్యాంకు మేనేజరుగా రిటైరయ్యారు, మా గ్రూపులో అందరం మేనేజరుగారనే అంటాం. "హుండీలో వేయి బాబూ, దేవుడికి చేరుతుంది" అన్నారాయన. నోటు హుండీలోకి వెళ్ళింది. పళ్ళెంలో పది రూపాయల బిళ్ళలు, ఒకటి రెండు యాభైలు. భట్టరు అటు చూడలేదు. తీర్థం ఇచ్చుకుంటూ వెళ్ళిపోయారు.

ఆయనతో నేను మాట్లాడింది చివర్లో ఐదు నిమిషాలు. ఇలాంటి గుళ్ళు మూడు చూసుకుంటారట. పొద్దున ఆరుకు ఒకటి, ఎనిమిదికి ఒకటి, తొమ్మిదిన్నరకు ఇది. మూడు గుళ్ళ నిర్వాహకులు ఇచ్చేదంతా కలిపినా, అందులో సగం పెట్రోలుకే. కొడుకు ఒరగడంలో ఒక కంపెనీలో చేరాడు, ఈ పనిలోకి రానన్నాడు. రమ్మని తానూ అనలేదట. దీపం సంగతి అడిగితే చెప్పారు: "నేను వెళ్ళిన గంటకే కొండెక్కుతుంది. నిండా పోస్తే నెలకు ఐదు లీటర్లు కావాలి. వచ్చేది రెండు."

కవచం

వెళ్ళొచ్చాక అందరి మనసులూ ఆ గుడి మీదే ఉన్నాయి. అది నిజం, ఆ మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. టూర్‌కు రానివాళ్ళు కూడా డబ్బులు వేశారు. 21 కుటుంబాలు, 62,000 రూపాయలు. ఇంత తొందరగా ఇంత డబ్బు మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు బాగు చేయడానికి కూడా పోగవలేదు. మీటింగులో మేనేజరుగారు ప్రతిపాదించారు. కాంచీపురంలో వెండి పూత కవచం చేయిద్దాం, మిగిలితే మంటపంలో గ్రానైటు వేయిద్దాం, చిన్న బోర్డు పెడదాం.

నేను లేచి, ఆ డబ్బు భట్టరుకూ అవ్వకూ నెలనెలా ఇద్దాం అన్నాను.

మేనేజరుగారు కోప్పడలేదు. నెమ్మదిగా అడిగారు. "అమ్మా, కవచం యాభై ఏళ్ళుంటుంది. జీతం ఇచ్చామనుకో, నెల తిరిగేసరికి ఏముంటుంది?"

నా దగ్గర జవాబు లేకపోయింది. అది తీసిపారేయగల ప్రశ్న కాదు. ఇచ్చినది నిలవాలి, కంటికి కనిపించాలి, మన తర్వాత కూడా ఉండాలి అనుకోవడంలో తప్పేముంది? ఆలోచిస్తే, శాసనాలు పుట్టిందే ఆ కోరికతో కదా. 'ఆచంద్రార్కం' అని ఊరికే రాయించలేదు.

ఆ రాత్రి నిద్రపట్టక ఆలోచిస్తుంటే, ఆ పాతవాళ్ళకూ ఇదే చిక్కు వచ్చి ఉంటుంది కదా అనిపించింది. నూనె, నెయ్యి, అన్నం అన్నీ ఏ రోజుకారోజు అయిపోయేవే. మరి వాటిని సూర్యచంద్రులున్నంత కాలం నిలబెట్టడం ఎలా? దానికి వాళ్ళు గొర్రెలను వాడారు. తంజావూరు పెద్దగుడి శాసనాల్లో ఒక దీపానికి 96 గొర్రెలు లెక్క. ఆ గొర్రెలను ఒక కాపరికి అప్పగిస్తారు. అతను రోజూ ఒక ఉళక్కు (చిన్న కొలత) నెయ్యి గుడికి తెచ్చి పోయాలి. మందలో ఒకటి చస్తే, పుట్టిన పిల్లతో లెక్క నింపుకోవాలి. అందుకే తమిళ శాసనాల్లో వాటిని 'చావా మూవా పేరాడు' అంటారు, చావని, ముసలివి కాని గొర్రెలని. మన ద్రాక్షారామం, బాపట్ల శాసనాల్లోనూ అఖండవర్తి దీపానికి ఇచ్చిన మందల లెక్కలుంటాయి. దీపం ఒక్క పూటకు ఆరిపోయేదే, కానీ దాన్ని వెలిగించే మనిషికి బతుకుతెరువు చూపించి నిలబెట్టారు. అదే తంజావూరులో 400 మంది నర్తకీమణుల పేర్లు, ఏ వీధిలో ఎన్నో ఇల్లు, ఏ ఊరి నుంచి వచ్చారు, ఒక్కొక్కరికి ఏడాదికి 100 కలాలు అని గోడ మీద ఉంది. దర్జీలు, కంచరివాళ్ళు, మంగళ్ళు, లెక్కలు రాసేవాళ్ళు ఉన్నారు. అంత పెద్ద గుడి కట్టిన రాజరాజ చోళుడు, కట్టడంతో పని అయిపోయిందనుకోలేదు.

మేనేజరుగారికి నేను చెప్పాల్సిన జవాబు అది. యాభై ఏళ్ళు నిలిచేది కావాలంటే జీతాన్నే యాభై ఏళ్ళు నిలిచేట్టు కట్టాలి. తమిళనాడు గుళ్ళలో దీనికి కట్టళై అనే పద్ధతి ఇప్పటికీ ఉంది. ఒక సేవ పేరుతో మూలధనం వేస్తే దాని వడ్డీతో ఆ సేవ జరుగుతుంది.

ఉత్సాహంగా లెక్క వేశాను. 62,000 మీద ఏడు శాతం వడ్డీ అంటే ఏడాదికి 4,340. నెలకు 361 రూపాయలు. నూనె సీసాకు సరిపోతుందేమో గానీ మనిషికి సరిపోదు. కాలిక్యులేటర్ పక్కన పెట్టేసి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

నాకున్న అనుమానాలు

నా వాదనలో నాకే గుచ్చుకునేవి కొన్ని ఉన్నాయి. వాటిని దాచి రాస్తే ఈ వ్యాసం ఎందుకు?

మొదటిది మా అత్తయ్య అన్నది. ఆవిడ కవచం పక్షమే. "అలంకారం లేని గుడికి నలుగురు రారమ్మా. నలుగురు రాకపోతే ఆ పళ్ళెంలో పడేదేంటి?" అంది. ఇది భక్తి మాట మాత్రమే కాదు, లెక్క మాట కూడా. పేరు రావడం వల్ల బతికిన గుళ్ళు మన కళ్ళ ముందే ఉన్నాయి. దానికితోడు, పెరుమాళ్‌ని బంగారంలోనో వెండిలోనో చూడాలన్న కోరిక ఆవిడకు ఎంత నిజమో నాకు తెలుసు. తన మెడలో గొలుసు కొనుక్కోవడం మానేసి మా ఊరి అమ్మవారికి ముక్కుపుడక చేయించిన మనిషి ఆవిడ. అటువంటి ప్రేమను పట్టుకుని దుబారా అనే నోరు నాకు లేదు.

కానీ భట్టరుకు ఫోన్ చేసి కవచం గురించి అడిగితే ఆయన వెంటనే మాట్లాడలేదు. తర్వాత అన్నారు, "మీ ఇష్టం అమ్మా. వెండి పెడితే మాత్రం నాకు రాత్రుళ్ళు నిద్ర పట్టదు." ఒక్క తాళం, ఒక్క అవ్వ. దొంగతనాల భయంతో చిన్న గుళ్ళ పంచలోహ ఉత్సవ మూర్తులను తీసుకెళ్ళి భద్రత ఉన్న కేంద్రాల్లో పెట్టిన రాష్ట్రం ఇది. ఏ గుడి స్వామిని ఆ గుడిలో ఉంచుకోలేకపోవడం కన్నా పెద్ద కష్టం ఊరికి ఏముంటుంది? రాత్రికి కాపలా మనిషి లేని చోట వెండి పెట్టడమంటే, ఆయన నెత్తిన ఇంకో జీతం లేని ఉద్యోగం పెట్టడమే.

రెండోది, ఆ వాట్సాప్ మెసేజ్ గురించి. తిరుముక్కూడల్ ఆసుపత్రి ఊరందరిదీ కాదు. అక్కడి విద్యార్థులకు, గుడి ఉద్యోగులకు ఉద్దేశించింది. వయలైక్కావూరు పొలాల్లో నాట్లు వేసి ఆ వడ్లు పండించిన వాళ్ళకు ఆ 15 పడకల్లో చోటుందని శాసనం చెప్పదు. వాళ్ళ పేర్లూ లేవు. వైద్యుడికి మంగలికన్నా ఆరు రెట్లు. నేను ఆ గోడను చూపించి వెనకటి రోజులే బంగారం అనడం లేదు. ఆ గోడ చేసిన పని ఒకటి ఉంది: గుడి నడవాలంటే ఎవరెవరు కావాలో చివరి మనిషి దాకా లెక్కపెట్టి రాసింది. నేను అడిగేది ఆ లెక్క ఒక్కటే. మా మీటింగులో భట్టరు వరకు చాలామంది ఒప్పుకున్నారు. అవ్వ మాట ఎత్తేసరికి, "ఆవిడకీ గుడికీ ఏం సంబంధం, పక్కింటావిడే కదా" అన్నారు ఒకరు. మూలికలు తెచ్చేవాళ్ళు, నీళ్ళు మోసే మనిషి ఆ రాతి మీద ఉన్నారు. ముప్పై ఏళ్ళు ఊడ్చిన ఆవిడ మా పుస్తకంలో ఎందుకు ఉండదు? ఇంకో సంగతి కూడా నా కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. హారతి ఇస్తున్నప్పుడు అవ్వ మంటపం ఎక్కలేదు. కింద మెట్టు దగ్గరే నిలబడింది. రమ్మంటే నవ్వి, "ఈడ నుంచి బాగా అగుపిస్తాది" అంది. నేను ఇంకేమీ అడగలేదు. అడిగి ఉండాల్సింది.

మూడోది, ఇది మన పనా, ప్రభుత్వం పనా అన్నది. తమిళనాడులో 'ఒరు కాల పూజ' పథకం కింద ఒక్క పూట పూజ జరిగే గుళ్ళు 2021 నాటికి 12,000కు పైగా ఉండేవి. వాటి అర్చకులకు నెలకు 1,000 రూపాయల ప్రోత్సాహకం ఇస్తామని ఆ ఏడాదే ప్రకటించారు. మన వైపు ధూపదీప నైవేద్యం పథకంలో నెలకు ఇచ్చేది తెలంగాణలో 2023లో, ఆంధ్రలో 2024లో 10,000కు పెంచుతామన్నారు. ఇవి మంచి పనులు. అయితే ఏ పథకానికైనా ఒక జాబితా ఉంటుంది, ఆ జాబితాలో లేని గుళ్ళుంటాయి, ఉన్న గుళ్ళలో కూడా ఊడ్చే మనిషికి కాలమ్ ఉండదు. మనం చేసేది ప్రభుత్వం మానేయడానికి సాకు కాకూడదన్న భయం నాకుంది. అయినా పథకం వచ్చే దాకా ఆగుదామంటే ఈ నెల నూనె ఎవరు పోస్తారు?

ఇంకోటి, ఇది నాకు అన్నిటికన్నా కష్టంగా అనిపించేది. మనం బయటివాళ్ళం. మనం నెలనెలా డబ్బు పంపితే ఊరివాళ్ళు, 'మద్రాసు వాళ్ళు చూసుకుంటున్నారులే' అని చేతులు దులుపుకుంటే? ఏడాదికి మన ఉత్సాహం చల్లారితే భట్టరు రెండు విధాలా నష్టపోతారు. పేరోల్‌లో మేం మొదట నేర్చుకునేది ఇదే, మొదలుపెట్టిన జీతాన్ని ఆపడం అసలు మొదలుపెట్టకపోవడం కన్నా ఘోరం. ఈ అనుమానానికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. ఊరి పెద్దలు ఇద్దరితో మాట్లాడి, వాళ్ళు పండగ చీర మళ్ళీ మొదలుపెడితేనే మేం మా వంతు ఇస్తామన్నాం. చీర చిన్నదే. కానీ అది ఊరిచ్చేది.

ఇప్పటికి తేలింది

62,000 మేనేజరుగారి దగ్గరే ఉంది. కవచం సంగతి భట్టరు మాట విన్నాక ఆగింది, మానుకున్నారని మాత్రం చెప్పలేను. విడిగా తొమ్మిది కుటుంబాలం కార్తీకం నుంచి నెలకు 300 చొప్పున వేస్తున్నాం. 2,700. భట్టరుకు 1,500, అవ్వకు 700, నూనెకు 500. ఎక్కువేమీ కాదు. భట్టరు పెట్రోలు ఖర్చు దాటుతుంది, అంతే. మొదటి నెల అందరూ వేశారు. రెండో నెల ఇద్దరు మర్చిపోయారు, అడిగితే వేశారు. అడగడం నాకు మొహమాటంగా ఉంది, అయినా అడుగుతున్నాను.

మార్గళిలో (ధనుర్మాసంలో) ఒకసారి మళ్ళీ వెళ్ళాం. ఈసారి కారులో నలుగురం. మేనేజరుగారు తానూ వస్తానన్నారు. దారిలో తిరుముక్కూడల్‌లో దిగి, ఆ గోడ చూపించమని ఆయనే అడిగారు. ఫోనులో అనువాదం చదివి వినిపించాను. ప్రశస్తి దగ్గర ఆయన ముఖం వెలిగింది, బెజవాడ వాళ్ళు ఆయన. మంగలి 15 కలాలు దగ్గరికి వచ్చేసరికి ఆపి, "కలం అంటే ఎంతమ్మా?" అన్నారు. చెప్పాను. జేబులోంచి పెన్ను తీసి, కారు పార్కింగు రసీదు వెనక రోజుకు ఎంతవుతుందో ఆయనే లెక్క వేసుకున్నారు. ఏమీ అనలేదు. రసీదు మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు.

ఆ ఊళ్ళో గుడి తెరిచే ఉంది. పదకొండు దాటింది, భట్టరు వెళ్ళిపోయి గంటన్నర. దీపం ఇంకా వెలుగుతోంది.

అవ్వ చేతిలో అత్తయ్య ఆ నెల డబ్బు పెడితే, లెక్కపెట్టకుండా కొంగున ముడేసుకుంది. ఇంకేమైనా కావాలా అని అడిగాను. కాసేపు ఆలోచించి చెప్పింది. గుడి వెనక నందివర్ధనం చెట్టు దగ్గర చీకటి. సాయంత్రం పూలు కోసేదానికి పోతే పాములు. పోయిన వానల్లో ఒకటి కాలి పక్క నుంచే పోయిందట. "ఆడ ఒక లైటు ఏయిస్తే బాగుంటాది."

ఊరి పెద్దల్ని అడిగితే వేయించుకోమన్నారు. వచ్చే శనివారం వెళ్తున్నాం. బల్బు, హోల్డరు కొన్నాను. వైరు మంటపం వెనక నుంచి చెట్టు దాకా ఎంత పడుతుందో ఆ రోజు కొలుచుకోలేదు, భట్టరును అడిగి కొనాలి. రాతికి మేకులు కొట్టకుండా వేయమని ఎలక్ట్రీషియన్‌కు ముందే చెప్పాలి.